హైడ్రోజన్ లోహ గాజును నిలబెడుతుందా, చెదరగొడుతుందా?

పేరు వేయవద్దని కోరిన ఒక పరిశోధక విద్యార్థి ఉత్తరం చాలా పెద్దది. సారాంశం ఇది.

జిర్కోనియం 65, రాగి 17.5, నికెల్ 10, అల్యూమినియం 7.5 పరమాణు శాతాలతో మిశ్రలోహం కరిగించి, మెల్ట్ స్పిన్నింగ్‌తో (తిరిగే చక్రం మీద పోసి వేగంగా చల్లార్చే పద్ధతి) 40 మైక్రాన్ల మందం లోహ గాజు రిబ్బన్, అంటే పరమాణువులు స్ఫటికంలా వరుసలు కట్టని లోహపు పట్టీ, తీశారు. రెండు పాళ్ళు గ్లిసరిన్, ఒక పాలు ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపిన ఎలక్ట్రొలైట్‌లో, చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీఆంపియర్ చొప్పున కొన్ని ముక్కలను అరగంట, కొన్నింటిని నాలుగు గంటలు ఛార్జ్ చేశారు, అంటే కరెంటుతో వాటిలోకి హైడ్రోజన్ ఎక్కించారు. డీఎస్‌సీలో (ముక్కను చిన్న పాన్‌లో వేడిచేస్తూ అది పీల్చే, వదిలే వేడిని కొలిచే పరికరం) నిమిషానికి 20 డిగ్రీల చొప్పున వేడిచేస్తే, అరగంట ముక్కలో స్ఫటికీకరణ మొదలయ్యే ఉష్ణోగ్రత, అంటే ఆన్‌సెట్, 14 డిగ్రీలు తగ్గింది. నాలుగు గంటల ముక్క గ్రాఫ్‌లో, స్ఫటికీకరణ వేడిని చూపే ఒక పదునైన పీక్ బదులు రెండు వెడల్పాటి పీకులు వచ్చాయి, వాటికి ముందు ఒక నిస్సారమైన పల్లం కనిపించింది. ఒక పాన్ ఉబ్బిపోవడంతో ఆ తర్వాత మూతకు సూది రంధ్రం పెట్టారు. ఈలోగా మొదటి రిబ్బన్ అయిపోయింది. వేరే కడ్డీ నుంచి తీసి, కొన్ని నెలలుగా సొరుగులో ఉన్న రిబ్బన్‌ను నాలుగు గంటలు ఛార్జ్ చేస్తే ఆన్‌సెట్ తగ్గలేదు సరికదా, 6 డిగ్రీలు పెరిగింది.

గైడ్ గారు ఈ చివరి ఫలితమే సరైనదంటున్నారు. హైడ్రోజన్ కలిస్తే జిర్కోనియం లోహ గాజు బాగా ఏర్పడుతుందని చెప్పే ఒక పేపర్ చూపించి, ‘హైడ్రోజన్ గాజుకు స్థిరత్వాన్నిస్తుంది’ అనే శీర్షికతో సదస్సుకు పంపమంటున్నారు. గడువు ఆరు వారాలు. ల్యాబ్‌లో సీనియర్ మాత్రం ‘కలవని రీడింగులు తీసేయ్, ఎవరూ అడగరు’ అన్నారట. ‘నా కొలతలు తప్పా, గైడ్ గారి మాట తప్పా? ఎదురు చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో తెలియక నిద్ర పట్టడం లేదు’ అని ముగించారు.

సమాధానం:

మీరు పంపిన వివరాలు చదివితే కొలతల్లో నిర్లక్ష్యం కనబడలేదు. పాన్ ఉబ్బిందనీ, రంధ్రం పెట్టాననీ, కడ్డీ మారిందనీ మీరే రాశారు. చిక్కు విప్పడానికి కావలసిన కొసలు అవే. గైడ్ గారు చూపించిన పేపర్ కూడా తప్పు కానక్కరలేదు. స్ఫటికీకరణ మొదలయ్యే క్షణానికి రిబ్బన్‌లో హైడ్రోజన్ ఎంత మిగిలి ఉంది? ఇది మీ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. అది తెలియకుండా పెంచుతుందా, తగ్గిస్తుందా అని వాదించుకోవడం వల్ల లాభం లేదు.

ముందు ఆ పేపర్ సంగతి చూద్దాం. మీరు పంపిన సారాంశాన్ని బట్టి అందులో హైడ్రోజన్‌ను కరిగించే గదిలోని ఆర్గాన్‌తో కలిపారు. అది ద్రవ లోహంలో పనిచేసిన హైడ్రోజన్. వాళ్ళు చూసింది ఎంత వ్యాసమున్న కడ్డీ దాకా స్ఫటికం లేకుండా గడ్డకడుతుందన్నది. మీరు చేస్తున్నది అప్పటికే గాజుగా మారిన ఘనంలోకి హైడ్రోజన్‌ను ఎక్కించి, దాన్ని మళ్ళీ వేడిచేయడం. ద్రవాన్ని చల్లబరిచేటప్పుడు గాజు సులువుగా ఏర్పడటం వేరు, ఏర్పడిన గాజు వేడికి తట్టుకోవడం వేరు. మొదటిది బాగున్నంత మాత్రాన రెండోది బాగుండాలని లేదు. కాబట్టి ఆ పేపర్‌కీ మీ 14 డిగ్రీల తగ్గుదలకీ పొత్తూ లేదు, పేచీ లేదు. గైడ్ గారితో మాట ఇక్కడి నుంచి మొదలుపెడితే, ఆయన చెప్పింది కొట్టిపారేసినట్టు ఉండదు.

ఇక మీ రిబ్బన్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. హైడ్రోజన్‌కు జిర్కోనియం అంటే విపరీతమైన మక్కువ. జిర్కోనియం డైహైడ్రైడ్ (జిర్కోనియం, హైడ్రోజన్ కలిసిన సమ్మేళనం) ఏర్పడితే హైడ్రోజన్ అణువుల మోలుకు సుమారు 165 కిలోజౌళ్ళ శక్తి విడుదలవుతుంది. రాగి, నికెల్‌లలో మాత్రం హైడ్రోజన్ కరగాలంటే శక్తి ఎదురివ్వాలి. అందుకే గాజులోకి వచ్చిన హైడ్రోజన్ మొదట నాలుగు జిర్కోనియం పరమాణువుల మధ్య ఉన్న చతుర్ముఖ ఖాళీల్లో కూర్చుంటుంది. అవి నిండాక మూడు జిర్కోనియంలు, ఒక నికెల్ లేదా రాగి ఉన్న ఖాళీలకు, ఆ తర్వాత ఇంకా బలహీనమైన చోట్లకు వెళుతుంది. వేడిచేసినప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. చివర చేరినవి ముందు బయటికి వస్తాయి, లోతైన ఖాళీల్లోవి ఎంతకీ కదలవు.

హైడ్రోజన్ కొద్దిగా ఉన్నప్పుడు జిర్కోనియం చుట్టూ ఉండే పొరుగు అమరిక మారుతుంది. మీ మిశ్రలోహానికి దగ్గరి జిర్కోనియం గాజుల్లో స్ఫటికీకరణ తరచుగా ఇరవై ముఖాల సౌష్ఠవమున్న క్వాసీక్రిస్టల్‌తో (క్రమమున్నా ఒకే అమరిక మళ్ళీ మళ్ళీ రాని స్ఫటికం) మొదలవుతుంది. కొద్దిపాటి హైడ్రోజన్ కూడా ఆ దారికి అడ్డం వస్తుంది. ఆన్‌సెట్ కిందికి జరుగుతుంది, రేణువులు సన్నబడతాయి. మీ అరగంట ముక్క ఈ కోవలోదే అనిపిస్తోంది. హైడ్రోజన్ బాగా ఎక్కితే కథ పూర్తిగా మారుతుంది. జిర్కోనియం హైడ్రోజన్‌తో జతకట్టి విడిపోతుంటే, మిగిలిన గాజులో రాగి, నికెల్, అల్యూమినియం వాటా పెరుగుతుంది. ఒకే గాజు రెండు రకాల ప్రాంతాలుగా చీలుతుంది కనుక పీకులూ రెండవుతాయి.

మీ 6 డిగ్రీల పెరుగుదలకు నాకు కనిపించే బలమైన కారణం ఇక్కడే ఉంది. ఈ మిశ్రలోహాల కుటుంబంలో జిర్కోనియం తగ్గేకొద్దీ స్ఫటికీకరణ ఉష్ణోగ్రత పెరుగుతుంది. జిర్కోనియం కోల్పోయిన మిగులు గాజు పాత గాజుకంటే పై ఉష్ణోగ్రతలో స్ఫటికీకరించడం సహజం. హైడ్రోజన్ బయటికి రావడం వేడిని పీల్చుకునే ప్రక్రియ, మీరు చూసిన పల్లం బహుశా అదే. ఆ పల్లం మొదటి చిన్న పీక్ మీద పడి దాన్ని చెరిపేస్తే, ఆన్‌సెట్ చదవడానికి మీరు గీసిన స్పర్శరేఖ రెండో పీక్ ఆన్‌సెట్‌ను చూపిస్తుంది. అంటే గాజు స్థిరపడకపోయినా, మొదటి మార్పు కంటికి ఆనక, సంఖ్య మాత్రం పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇది అనుమానమే, నిర్ధారణ కాదు. ఎందుకంటే మీ రెండో విడతలో మూడు విషయాలు ఒకేసారి మారాయి.

పాన్ మొదటిది. మూసిన పాన్‌లో హైడ్రోజన్ ఎక్కడికీ పోలేదు. పది మిల్లీగ్రాముల ముక్కలో ప్రతి రెండు లోహ పరమాణువులకు ఒక హైడ్రోజన్ ఉందనుకోండి. 40 మైక్రోలీటర్ల పాన్‌లో, 700 కెల్విన్ దగ్గర, అదంతా బయటికి వస్తే పీడనం 46 బార్ దాకా పోతుంది. ఆ పీడనమే హైడ్రోజన్‌ను మళ్ళీ లోహంలోకి నెడుతుంది కాబట్టి నిజంగా అంత రాదు, కానీ మామూలు అల్యూమినియం పాన్ ఉబ్బడానికి అందులో పదో వంతు కూడా అక్కరలేదు. రంధ్రం పెట్టాక వాయువుకు దారి దొరికింది, స్ఫటికీకరణ వేళకు లోపల మిగిలిన హైడ్రోజన్ తగ్గింది. ఒకే ముక్కను ఈ రెండు పాన్‌లలో పెడితే రెండు వేర్వేరు ప్రయోగాలు అవుతాయి.

రెండోది, సొరుగులో ఉన్న రిబ్బన్. జిర్కోనియం గాజు గాలి తగిలీ తగలగానే పలుచని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, నిల్వ ఉన్నకొద్దీ అది ముదురుతుంది. ఆ పొర హైడ్రోజన్‌ను లోపలికి రానివ్వదు, వచ్చినదాన్ని సులువుగా పోనివ్వదు. మీరు నాలుగు గంటలు కరెంటు పంపారు, నిజమే. కానీ అందులో ఎంత భాగం రిబ్బన్‌లోకి వెళ్ళింది, ఎంత బుడగలుగా పైకి పోయింది?

మూడోది కడ్డీ. జిర్కోనియం గాజుల్లో ఆక్సిజన్ కొంచెం ఎక్కువైతే చాలు, మొదట పుట్టే స్ఫటికం మారిపోతుంది. రెండో కడ్డీలో ఆక్సిజన్ ఎంతో కొలవకుండా, దాని ఆన్‌సెట్‌ను మొదటి కడ్డీ రిబ్బన్‌తో పోల్చడం కుదరదు. ఆ 6 డిగ్రీలు దేని మీద లెక్కగట్టారో మీ ఉత్తరంలో లేదు. రెండో రిబ్బన్‌ను ఛార్జ్ చేయకుండా ఒకసారి కాల్చి (అంటే డీఎస్‌సీలో వేడిచేసి) చూడకపోతే, రేపు చేయవలసిన మొదటి పని అదే.

కరెంటు లెక్క ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. మీ మిశ్రలోహపు సగటు పరమాణు భారం 78.3. 50 మిల్లీగ్రాముల రిబ్బన్‌కు, సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.7 గ్రాములనుకుంటే, రెండు వైపులా కలిపి దాదాపు 3.7 చదరపు సెంటీమీటర్ల తలం ఉంటుంది. ఒక్క హైడ్రోజన్ కూడా వృథా కాకపోతే అరగంటలో హైడ్రోజన్, లోహ పరమాణువుల నిష్పత్తి 0.11 అవుతుంది, నాలుగు గంటల్లో 0.87. ఇవి గరిష్ఠ హద్దులు. నిజ విలువ వీటికి కింద ఎక్కడైనా ఉండవచ్చు, కాబట్టి ఛార్జింగ్ సమయాన్ని గ్రాఫ్ అడ్డ అక్షం మీద పెట్టకండి.

తూకం వేస్తే సరిపోతుందా? నిష్పత్తి 0.1 అయితే బరువు పెరిగేది 0.13 శాతం, అంటే 50 మిల్లీగ్రాములకు 64 మైక్రోగ్రాములు. పదో వంతు మిల్లీగ్రాము చూపే త్రాసుకు అది ఆనదు. ఒక మైక్రోగ్రాము చూపే మైక్రోబ్యాలెన్స్ కావాలి. అది దొరికినా గ్లిసరిన్‌తో జాగ్రత్త. 3.7 చదరపు సెంటీమీటర్ల మీద మైక్రాన్‌లో పదో వంతు మందాన గ్లిసరిన్ మిగిలితే దాని బరువే దాదాపు 47 మైక్రోగ్రాములు. మీరు కొలవబోయే హైడ్రోజన్‌లో ముప్పాతిక వంతు! ముక్కను డిస్టిల్డ్ నీటిలో రెండుసార్లు, తర్వాత ఇథనాల్‌లో అల్ట్రాసోనిక్‌లో కడిగి, ఆరబెట్టి, వరుసగా రెండు తూకాలు 2 మైక్రోగ్రాముల లోపు కలిసేదాకా మళ్ళీ మళ్ళీ చేయండి. కరెంటు లేకుండా అదే ద్రావణంలో అంతసేపూ ఉంచిన ముక్కను కూడా తూచండి. కరెంటు లేనప్పుడు ఆమ్లం లోహాన్ని కాస్త ఎక్కువ తింటుంది కనుక అది అచ్చమైన పోలిక కాదు, అయినా తప్పు ఏ స్థాయిలో ఉందో చెబుతుంది. వీలుంటే ప్రతి ఛార్జింగ్ నుంచి ఒక ముక్కను ఇనర్ట్ గ్యాస్ ఫ్యూజన్ హైడ్రోజన్ ఎనలైజర్‌కు పంపండి. మొత్తం హైడ్రోజన్ తేల్చడానికి తూకంకంటే అదే నమ్మదగింది.

ఛార్జింగ్‌కు ముందు రెండు వైపులా 1200 గ్రిట్ కాగితంతో నెమ్మదిగా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, నిమిషాల్లోనే ద్రావణంలో ముంచండి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ముంచి ఆక్సైడ్ తీసే పద్ధతీ ఉంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా లేకపోతే, తోడుగా శిక్షణ పొందినవాళ్ళు లేకపోతే దాని జోలికి వెళ్ళవద్దు, మీ పనికి రుద్దడమే చాలు. ప్లాటినం ఆనోడ్ రిబ్బన్‌కు రెండు వైపులా ఉండాలి. ఒకే వైపు ఉంటే ఆ వైపు ఎక్కువ ఉబ్బి రిబ్బన్ చుట్ట చుట్టుకుంటుంది. చుట్టుకున్న ముక్క డీఎస్‌సీ పాన్ అడుగును సరిగా తాకదు, వేడి ఆలస్యంగా అందుతుంది, ఆన్‌సెట్ లేనిపోని రెండు మూడు డిగ్రీలు పైకి జరుగుతుంది. మీ 6 డిగ్రీల్లో కొంత ఇది కూడా కావచ్చు. ఛార్జ్ అయిన రిబ్బన్ పెళుసుగా ఉంటుంది, వంచి సరిచేయబోతే విరుగుతుంది. 2 మిల్లీమీటర్ల పొడవు ముక్కలుగా తుంచి, పరిచి, పైన పలుచని మూత పెట్టండి.

హైడ్రోజన్ రిబ్బన్ మందమంతటా సమంగా పరుచుకోవడానికి కూడా సమయమివ్వాలి. 20 మైక్రాన్ల అర మందానికి, విసరణ గుణకం (హైడ్రోజన్ ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే సంఖ్య) సెకనుకు 10 మైనస్ 13వ ఘాతం చదరపు మీటర్లయితే గంట పైచిలుకు, పది రెట్లు తక్కువైతే 11 గంటలు. గాజులో ఈ గుణకం హైడ్రోజన్ పరిమాణంతో పాటు మారుతుంది కాబట్టి, ఛార్జింగ్ అయ్యాక ఒక రోజు అలాగే ఉంచి, తర్వాత కొలవడం మంచిది.

డీఎస్‌సీకి తెరిచిన పాన్, శుద్ధ ఆర్గాన్ వాడండి. నైట్రోజన్ వద్దు, వేడి జిర్కోనియం దాన్ని కూడా పీల్చుకుంటుంది. అదే వేగంతో ఇంకో ముక్కను మాస్ స్పెక్ట్రోమీటర్ జతచేసిన కొలిమిలో వేడిచేసి, ద్రవ్యరాశి 2 సంకేతాన్ని, అంటే హైడ్రోజన్ వాయువు గుర్తును, డీఎస్‌సీ గ్రాఫ్ కింద పెట్టి చూడండి. పల్లం ఉన్నచోటే హైడ్రోజన్ వస్తోందా? మొదటి పీక్‌కు ముందే ఎంత పోయింది? మీ వివాదం సగం అక్కడే తేలిపోతుంది. థర్మోగ్రావిమెట్రీ (వేడిచేస్తూ బరువు తూచే పద్ధతి) ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 64 మైక్రోగ్రాముల హైడ్రోజన్ పోతున్న వేళ అంతే బరువు ఆక్సిజన్ చేరితే, ఏమీ జరగనట్టు గీత తిన్నగా ఉంటుంది.

మిగతా సగాన్ని ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలు ఏ కోణాల్లో చెదురుతాయో చూసి పరమాణువుల అమరిక తెలుసుకునే పద్ధతి) తేలుస్తుంది. ఒక్కో ముక్కను మొదటి పీక్ దాటగానే ఆపి, వేగంగా చల్లార్చి, రాగి కె-ఆల్ఫా కిరణాలతో చూడండి. డెల్టా జిర్కోనియం హైడ్రైడ్ మొదటి గీత 32.4 డిగ్రీల కోణం దగ్గర వస్తుంది. దాని రెండో గీత 37.6 దగ్గర ఉంటుంది కానీ గాజు తాలూకు వెడల్పాటి గుట్ట కూడా అక్కడికి దగ్గరే కాబట్టి అది దొరకదు. 30.2 దగ్గర కనిపించేది చతుష్కోణ జిర్కోనియం ఆక్సైడ్, దాన్ని హైడ్రైడ్ అనుకోకండి. ఛార్జ్ చేసి ఇంకా వేడిచేయని ముక్కను కూడా తప్పకుండా చూడండి. గుట్ట తక్కువ కోణం వైపు జరిగితే హైడ్రోజన్ లోపలికి వెళ్ళి పరమాణువుల దూరం పెంచిందని అర్థం. జరగకపోతే మీ సొరుగు రిబ్బన్ అసలు ఛార్జ్ కాలేదేమో!

కిసింజర్ పద్ధతిలో (వేర్వేరు వేగాల్లో వేడిచేసి, పీక్ ఎంత జరిగిందో చూసి లెక్కగట్టే పద్ధతి) ఉత్తేజన శక్తి, అంటే స్ఫటికీకరణకు దాటవలసిన శక్తి గట్టు, కూడా లెక్కించానని రాశారు. ఛార్జ్ చేసిన ముక్కలకు దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. నిమిషానికి 5 డిగ్రీల వేగంలో పీక్ చేరేలోపు బయటికి పోయే హైడ్రోజన్, 40 డిగ్రీల వేగంలో పోయేదానికంటే చాలా ఎక్కువ. అంటే ఆ సరళరేఖ మీది నాలుగు బిందువులూ నాలుగు వేర్వేరు పదార్థాలవి. రేఖ ఎంత తిన్నగా వచ్చినా దాని వాలుకు మీరు ఆపాదించిన అర్థం ఉండదు.

ఇప్పుడు ఆరు వారాల సంగతి, గైడ్ గారి సంగతి. మీ ముందు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

గైడ్ గారు చెప్పినట్టే పంపడం ఒకటి. ఇంట్లో, ల్యాబ్‌లో ప్రశాంతంగా ఉంటుంది. కానీ సదస్సులో ఎవరో ఒకరు ‘హైడ్రోజన్ ఎంత ఉంది, ఎలా కొలిచారు?’ అని అడుగుతారు. ఈ రంగంలో మొదటి ప్రశ్న అదే. వేదిక మీద నిలబడి జవాబు చెప్పవలసింది మీరు. తర్వాత థీసిస్‌లో అరగంట ముక్క ఫలితం పెట్టాలంటే మీ శీర్షికే మీకు అడ్డు వస్తుంది.

సీనియర్ చెప్పినట్టు కలవని రీడింగులు తీసేయడం రెండోది. ఇది మాత్రం చేయకండి. ఏ రీడింగ్ ఎందుకు చెల్లదో కొలతకు ముందే రాసుకున్న నియమం ఉంటే, ఉదాహరణకు పాన్ పగిలితే ఆ రీడింగ్ లెక్కలోకి రాదు అని, అది పద్ధతి. ఫలితం చూశాక తీసేయడం దాచిపెట్టడమే. పైగా మీ దగ్గరున్న అన్నిటికంటే విలువైన సమాచారం ఆ కలవని రీడింగులోనే ఉంది.

మూడోది ఈ సదస్సు వదిలేసి, నిష్పత్తి 0.05 నుంచి 0.5 దాకా నాలుగైదు స్థాయిల్లో పూర్తి పని చేయడం. శాస్త్రం దృష్ట్యా ఇదే గట్టిది, మంచి జర్నల్ పేపర్ అవుతుంది. అయితే ఎనలైజర్, మాస్ స్పెక్ట్రోమీటర్ వేరే చోట అడుక్కోవాలంటే ఆర్నెల్లు పట్టినా ఆశ్చర్యం లేదు. మీ ఫెలోషిప్ గడువు దగ్గర పడి ఉంటే, సదస్సు ఊసే లేకుండా ఏడాది దొర్లడం కూడా భారమే.

నాలుగోది, చెప్పే మాటను కుదించి పంపడం. శీర్షికలో ‘స్థిరత్వాన్నిస్తుంది’ తీసి, ‘ఛార్జ్ చేసిన రిబ్బన్‌లో స్ఫటికీకరణ మీద హైడ్రోజన్ పరిమాణం, పాన్ రకం ప్రభావం’ లాంటిది పెట్టవచ్చు. ఒకే కడ్డీ, ఒకే రిబ్బన్, హైడ్రోజన్ మూడు స్థాయిలు, తెరిచిన, మూసిన పాన్‌లు. ఒక్కోదానికి మూడు ముక్కలు కాలిస్తే పద్దెనిమిది రన్‌లు, ఆరు ఎక్స్‌ఆర్‌డీలు. మూసిన పాన్‌కు 2 మిల్లీగ్రాములు మించకండి, పీడనం తగ్గుతుంది. మూడు వారాల్లో పూర్తయ్యే పని. దీనికి ఆకర్షణ తక్కువ, గైడ్ గారికి మొదట నచ్చకపోవచ్చు. కానీ ఫలితం ఏ వైపు వచ్చినా చెప్పుకోదగిందే. నా మొగ్గు దీనివైపే. మీ ల్యాబ్‌లో మైక్రోబ్యాలెన్స్ కూడా లేకపోతే మాత్రం మూడో దారే మేలు, ఎందుకంటే హైడ్రోజన్ పరిమాణం లేకుండా నాలుగోది కూడా నిలవదు.

గైడ్ గారి దగ్గరికి ‘మీది తప్పు’ అనే మాటతో కాకుండా రెండు గ్రాఫులతో వెళ్ళండి. రెండో కడ్డీ రిబ్బన్ ఛార్జ్ చేయకుండా ఎలా ఉందో ఒకటి. అదే కడ్డీ రిబ్బన్‌ను తాజాగా రుద్ది ఛార్జ్ చేసి, మూసిన పాన్‌లో ఒకటి, తెరిచిన పాన్‌లో ఒకటి కాల్చినవి పక్కపక్కన పెట్టినది ఇంకొకటి. రెండు రోజుల పని. ఆ తర్వాత ‘ఈ తేడా ఎందుకొచ్చిందంటారు?’ అని అడగండి. హైడ్రోజన్ గాజుకు మేలు చేయగలదన్న ఆయన ఆలోచన నిరాధారం కాదని కూడా మీకు తెలిసి ఉండాలి. 1983లో యే, సామ్వర్, జాన్సన్ అనే ముగ్గురు జిర్కోనియం-రోడియం స్ఫటికంలోకి హైడ్రోజన్‌ను ఎక్కించి, కరిగించకుండానే దాన్ని గాజు హైడ్రైడ్‌గా మార్చారు. లోహ పరమాణువులు కదలలేని తక్కువ ఉష్ణోగ్రతలో హైడ్రోజన్ ఒక్కటే కదలగలగడం వల్ల అది సాధ్యమైంది. మీ డీఎస్‌సీ చేరే ఉష్ణోగ్రతలో లోహ పరమాణువులు కూడా కదులుతాయి, జిర్కోనియం తనకు నచ్చిన హైడ్రైడ్ వెతుక్కుంటుంది. ఈ తేడా గురించి మాట్లాడుకుంటే సంభాషణ ఎవరు గెలిచారన్న దాని మీదికి పోదు.

అప్పటికీ ఆయన పాత శీర్షికే కావాలంటే, సారాంశంలో ఛార్జింగ్ సమయం, పాన్ రకం, ‘హైడ్రోజన్ పరిమాణం నేరుగా కొలవలేదు’ అన్న వాక్యం ఉండేలా అడగండి. దానికీ ఒప్పుకోకపోతే మీ పరిశోధన కమిటీలో ఇంకొక సభ్యుడి అభిప్రాయం అడగడం మీ హక్కు, కానీ ఆ సంగతి ముందు గైడ్ గారికే చెప్పి చేయండి. చాటుగా చేస్తే శాస్త్రం మీద వచ్చిన భేదం మనుషుల మధ్య తగవవుతుంది.

ఇంకొక జాగ్రత్త. ఎక్స్‌ఆర్‌డీ కోసం బాగా ఛార్జ్ అయిన రిబ్బన్‌ను గాలిలో పొడిచేయకండి. హైడ్రోజన్ నిండిన సన్నని జిర్కోనియం పొడి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ముక్కలనే పరిచి కొలవండి, పొడి తప్పనిసరైతే ఆర్గాన్ గ్లోవ్ బాక్స్‌లో చేయండి. ప్రతి ఛార్జింగ్ నుంచి ఒక ముక్కను తేదీ, కడ్డీ సంఖ్య రాసి, ఆర్గాన్ నింపిన సీసాలో వేరుగా ఉంచండి. ఎనలైజర్ ఎప్పుడు అందుబాటులోకి వచ్చినా ఈ ఆరు వారాల రీడింగులకు అప్పుడు సంఖ్యలు జతచేసుకోవచ్చు.